ఆనింగ్‌కు కనాతు కట్టేముందు

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాము. కాంపర్‌వ్యాన్‌గా మార్చిన పాత ఫోర్స్ ట్రావెలర్ బండిని కిందటి ఏడాది కొన్నాము. దాని ఎడమ పక్కన, తలుపు మీదుగా 3 మీటర్ల పొడవు ఉండి, 2.5 మీటర్లు ముందుకు తెరుచుకునే క్యాసెట్ ఆనింగ్ (పెట్టెలో చుట్టి ఉండి, మడత చేతుల మీద బయటికి సాగే నీడగుడ్డ) బిగించి ఉంది. జులైలో వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డున ఆగినప్పుడు గాలికి పొయ్యి నిలవలేదు, విస్తళ్ళు ఎగిరిపోయాయి, మా అత్తగారు చలిగాలికి జడిసి బండిలోంచి దిగనే లేదు. ఒక దుప్పటి తెచ్చి ఆనింగ్ చేతులకు కట్టి చూశాము. అది ఉబ్బిపోయి, చేతులు కీచుమంటుంటే భయపడి విప్పేశాము. డిసెంబరులో గండికోటకు, ఆ తరువాత సూర్యలంకకు వెళ్ళాలని ఉంది. గాలి ఆపే తెరలు ఏ గుడ్డతో చేయించాలి? విదేశీ కంపెనీల రెడీమేడ్ తెరలు తెప్పించుకోవాలా, ఇక్కడే కుట్టించుకోవచ్చా? ఆనింగ్ చేతులకు రంధ్రాలు వేసి కొక్కేలు బిగిద్దామని మావారు అంటున్నారు, అది మంచిదేనా? అన్ని పక్కలా మూసేస్తే రాత్రిపూట ఇద్దరు పడుకోవడానికి గదిలా పనికొస్తుందా?
(పేరు వేయవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీవారు డ్రిల్లు చేతికి తీసుకోకముందే ఇది మీకు చేరాలని కోరుకుంటూ, ముందుగా ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆనింగ్ చేతులకు రంధ్రాలు వేయవద్దు. పైకి గట్టిగా కనిపించే ఆ చేతులు అల్యూమినియంతో చేసిన డొల్ల గొట్టాలు. వాటి లోపల స్ప్రింగు, దానికి తగిలించిన ఉక్కు తీగ ఉండి, గుడ్డను ముందుకు నెడుతూ బిగువుగా నిలుపుతాయి. ఆ బిగువును మోయడానికే వాటిని తయారు చేశారు గాని, పక్కనుంచి వచ్చే తోపును తట్టుకోవడానికి కాదు. రంధ్రం పడిన చోట గొట్టం బలం తగ్గుతుంది. డ్రిల్లు మొన లోపలి తీగకు తగిలిందంటే చెయ్యే పనికిరాకుండా పోతుంది. తగలకపోయినా, మీరు బిగించిన కొక్కెం గాలి బలాన్నంతా తెచ్చి మోచేతి కీలు మీద పెడుతుంది. దుప్పటి కట్టినప్పుడు మీకు వినిపించిన కీచు ఆ కీళ్ళదే, కాబట్టి వెంటనే విప్పేయడం మంచి పని.

గాలి తోపు ఎంత ఉంటుందో అంకెల్లో చూస్తే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. భవనాల మీద పడే గాలి భారాన్ని లెక్కకట్టడానికి మన ఇంజినీర్లు అనుసరించే ఐ.ఎస్. 875 ప్రమాణం మూడో భాగంలో ఒక సులువైన సూత్రం ఉంది. గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే, చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో వస్తుంది. గంటకు 36 కి.మీ. గాలి అంటే సెకనుకు 10 మీటర్లు, ఒత్తిడి 60 న్యూటన్లు, మన వాడుకలో చదరపు మీటరుకు సుమారు 6 కిలోల తోపు. మీ ఆనింగ్ పక్కన బండి వైపు 2.4 మీటర్లు, ముందు వైపు 2 మీటర్ల ఎత్తుతో నిండు తెర కడితే దాని వైశాల్యం 5.5 చదరపు మీటర్లు, అంటే ఆ గాలికే దాని మీద 33 కిలోల తోపు పడుతుంది. అదే గాలి గంటకు 54 కి.మీ.కు పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే అయినా తోపు రెండుంబావు రెట్లై 75 కిలోల దాకా పోతుంది. ఇది స్థూలమైన లెక్క, తెర ఆకారాన్నిబట్టి ఇంకా కొంత పెరగవచ్చు. "ఉరుములు, మెరుపులతో పాటు గంటకు 40 నుంచి 50 కి.మీ. వేగంతో ఈదురుగాలులు" అన్న హెచ్చరికను వేసవి చివరలో మనం రోజూ చదివి పేజీ తిప్పేస్తాము గాని, తెర కట్టుకునే వాళ్ళు మాత్రం ఆ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి.

అందుచేత, ఏ గుడ్డ కొన్నా, ఎక్కడ కుట్టించినా ఒక నియమం మాత్రం వదలవద్దు: తెర తన కాళ్ళ మీద తాను నిలబడాలి, ఆనింగ్‌ను పట్టుకుని వేళ్ళాడకూడదు. పెళ్ళి పందిళ్ళకు టెంట్ హౌస్ వాళ్ళు కట్టే కనాతును ఈసారి దగ్గరగా చూడండి. దాని కర్రలు దాని గుడ్డలోనే దోపి ఉంటాయి, దాని తాళ్ళు, మేకులు దానికే వేరుగా ఉంటాయి, షామియానా విప్పేసినా కనాతు నిలబడే ఉంటుంది. మీకు కావలసింది అలాంటిదే. కట్టడం పూర్తయ్యాక ఆనింగ్‌ను చుట్టేసి చూడండి. దారిలో తెర అడ్డం రాకుండా, తెరకు ఆధారం పోకుండా ఆనింగ్ లోపలికి వెళ్ళిపోతే మీ కట్టుడు సరైనదే. ఒక్క ముడి విప్పవలసి వచ్చినా, చీకట్లో గాలి లేచినప్పుడు ఆ ముడే మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది.

తెర సంగతికి వెళ్ళేముందు బండి సంగతి చూడాలి, ఎందుకంటే మీ దగ్గరున్న గాలి తెరలన్నిటిలోకీ పెద్దది, గట్టిది ఆ బండే. కోట్‌పల్లిలో బండిని ఎటు తిప్పి నిలిపారో మీరు రాయలేదు. నీళ్ళు కనిపించాలని ఆనింగ్‌ను చెరువు వైపు తెరిచి ఉంటారని నా ఊహ, అందరం చేసేదీ అదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ప్రాంతంలో గాలి ప్రధానంగా పడమటి దిక్కు నుంచి వస్తుంది. అప్పుడు బండి ముక్కును దక్షిణానికి పెడితే ఎడమ పక్కనున్న ఆనింగ్ తూర్పుకు తెరుచుకుంటుంది, బండి గాలికి వీపు పెట్టి నిలుస్తుంది. సూర్యలంకలో ఇంత సూటిగా కుదరదు. పగటి ఎండకు నేల వేడెక్కాక గాలి సముద్రం మీది నుంచి వస్తుంది, రాత్రి నేల చల్లబడ్డాక దిశ మారుతుంది, కాబట్టి మధ్యాహ్నం హాయిగా ఉన్న చోటే తెల్లవారుజామున గాలికి ఎదురు కావచ్చు. ఈ కారణంగానే, కుట్టించే పక్కతెరను తిరగేసి రెండో చివర కూడా కట్టుకోగలిగేలా, దాని నవారు ఉచ్చులు గుడ్డకు రెండు వైపులా అందేలా చేయించమంటాను. ఏటవాలు తెర ఒక చివరకు మాత్రమే సరిపోతుంది, తిరగేస్తే రెండో చివరకూ సరిపోతుంది. కొలతలన్నీ ఒకటే అయినా ఉచ్చులు ఒకే వైపు ఉంటే ఈ వెసులుబాటు పోతుంది.

బండి చాటున కూర్చున్నా మీ పొయ్యి ఎందుకు ఆరిపోతుందంటే, గాలి బండి కిందనుంచి దూరి వస్తుంది గనుక. చాసిస్‌కూ నేలకూ మధ్య ఉన్న ఇరుకు సందులో గాలి నిలవదు సరికదా వేగం అందుకుని, నేలబారుగా, సరిగ్గా మీరు స్టౌ పెట్టుకునే ఎత్తులో బయటికి వస్తుంది. నిండు ఎత్తు తెరలు మూడు పక్కలా కట్టినా ఈ గాలి ఆగదు. దీనికి మందు తెర కాదు, పావడా లాంటి చిన్న అడ్డుపట్టీ. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్యనున్న పొడవు, బండి అంచు నుంచి నేల దాకా ఉన్న ఎత్తు కొలుచుకుని, ఆ ఎత్తుకు మరో 15 సెం.మీ. కలిపి పి.వి.సి. టార్పాలిన్‌తో పట్టీ కుట్టించండి. దాన్ని ఆనింగ్ వైపు కాక గాలి వచ్చే వైపు వేలాడదీయాలి. అదనంగా ఉంచిన 15 సెం.మీ. గుడ్డ నేలమీద బయటి వైపు పరుచుకునేలా ఉంచి, దాని మీద రాళ్ళో ఇసుక నింపిన సంచులో పెడితే గాలి దాన్ని లేపలేదు. పై అంచును పట్టి ఉంచడానికి, బండి రేకు ఇనుపదైతే రబ్బరు తొడుగున్న అయస్కాంతాలు సరిపోతాయి. మార్పులు చేసిన బండ్లలో కింది భాగాలు ఫైబర్‌తో చేసి ఉండవచ్చు గనుక, కొనేముందు ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతంతో నాలుగు చోట్ల పరీక్షించి చూడండి. చక్రాల దగ్గర విడిగా ఒక్కొక్క ముక్క కుట్టించి టైరు మీదుగా తాడుతో వేలాడదీయవచ్చు. ఈ పట్టీ ఉన్నంతసేపూ ఇంజిన్ నడపకూడదు, సైలెన్సర్ పొగకు దారి మూసుకుపోతుంది. మొత్తం మీద దీనికయ్యే ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ, అయినా తెరల గురించి అడిగేవాళ్ళు దీన్ని అడగరు.

ఇక పక్కతెర ఎత్తు. మీ అత్తగారు కుర్చీలో కూర్చుంటే ఆమె తల నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వంట కూడా చిన్న బల్ల మీద అంతకన్నా కిందే జరుగుతుంది. నిలబడ్డవాళ్ళకు గాలి తగిలితే తగలనివ్వండి. 2.5 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న సగం తెర వైశాల్యం 3 చదరపు మీటర్లు, 36 కి.మీ. గాలికి దాని మీద పడే తోపు 18 కిలోలు. ఆ తోపు నేలకు 60 సెం.మీ. ఎత్తులోనే పనిచేస్తుంది గనుక, తెరను పడదోయడానికి దానికున్న శక్తి నిండు తెరతో పోలిస్తే మూడో వంతుకన్నా తక్కువ. నేల దగ్గర గాలి వేగం కూడా కొంత తక్కువే ఉంటుంది. నిండు తెర మీద మనసు పోతే, కింద 1.2 మీటర్లు గుడ్డ, ఆ పైన జాలీ ఉండేలా రెండు విడి ముక్కలుగా చేయించుకుని, ఎండ ఏటవాలుగా పడే సాయంత్రాలలో మాత్రం పైముక్క తగిలించుకోండి. రెండు ముక్కలనూ కలపడానికి జిప్పు వద్దు, సముద్రపు ఇసుక దూరితే అది కదలదు. వెల్‌క్రో పట్టీ గాని, చెక్క గుండీలు, ఉచ్చులు గాని మేలు.

జాలీ ఎందుకన్నది కొంచెం వివరించాలి. నిండు గుడ్డకు ఎదురైన గాలి దారి లేక పైనుంచి, పక్కలనుంచి ఎగబాకి, తెర వెనకాల సుడి తిరుగుతూ దిగుతుంది. అడ్డం కట్టిన తరువాత కూడా విస్తళ్ళు గుండ్రంగా తిరగడం చాలామంది చూసే ఉంటారు. సందులున్న తెరలోంచి కొంత గాలి నెమ్మదించి లోపలికి వస్తుంది, ఆ నెమ్మది గాలి వెనకాల సుడి పుట్టనివ్వదు. పొలాల గట్ల మీద గాలికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచేచోట కూడా పూర్తిగా మూసుకుపోయిన వరుస కన్నా, దాదాపు సగం సందులున్న వరుసే ఎక్కువ దూరం రక్షణ ఇస్తుందని అందుకే చెబుతారు. నర్సరీలకు అమ్మే ఆకుపచ్చ షేడ్ నెట్ 50, 75, 90 శాతం అన్న అంకెలతో దొరుకుతుంది. ఆ అంకె నీడకు సంబంధించినదే గాని గాలికి కాదు, అయినా మన పనికి అది మంచి గుర్తే. తెరకు ఒకటి రెండు మీటర్ల లోపలే కూర్చుంటారు కాబట్టి మీకు 75 శాతం నెట్ సరిపోతుందని నా అభిప్రాయం. 90 శాతంది దాదాపు గుడ్డతో సమానం, 50 శాతంది పొయ్యిని కాపాడదు. నెట్ కట్టినంత మాత్రాన తోపు సగమవుతుందని మాత్రం లెక్కవేసుకోకండి. తగ్గుతుంది, అంతే. ఎండకు పెళుసెక్కకుండా యూవీ రక్షణ కలిపిన సరుకే అడిగి తీసుకోండి, లేకపోతే మన ఎండలకు తొందరలోనే చేతిలో పొడిపొడిగా రాలుతుంది. షేడ్ నెట్ ప్లాస్టిక్ దారం, మంట తగిలితే కరిగి కారుతుంది. స్టౌకు దగ్గరగా రానివ్వకండి.

కింది సగానికి గుడ్డ విషయంలో మీకు నాలుగు దారులున్నాయి. లారీల మీద వేసే మందపు పి.వి.సి. తాటిపత్రి నీటిని, గాలిని పూర్తిగా ఆపుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ బరువు. 550 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 550 గ్రాములు తూగే) సరుకు 3 చదరపు మీటర్లంటే ఒక్క గుడ్డే 1.65 కిలోలు, మడత కూడా లావు. నీలం రంగులో దొరికే నేసిన ప్లాస్టిక్ తాటిపత్రి చవక, తేలిక, అయితే గాలికి రాత్రంతా పటపటమని చప్పుడు చేస్తుంది, రింగుల దగ్గర తొందరగా చిరుగుతుంది. వెనకవైపు పూత ఉన్న 420 డెనియర్ (డెనియర్ అంటే దారం మందాన్ని చెప్పే కొలత) పాలిస్టర్ గుడ్డ, టెంట్లకు, సామాను సంచులకు వాడేది, ఈ రెండింటికీ మధ్యస్థం. తేలికగా ఉంటుంది, చప్పుడు తక్కువ, కుట్టడానికి మామూలు భారీ మిషన్ చాలు. నేను ఎంచుకునేది దీన్నే. పాతకాలపు నూలు కాన్వాసు చప్పుడు చేయదు, అందంగా కూడా ఉంటుంది, కానీ తడిసిన కాన్వాసును అపార్ట్‌మెంటు బాల్కనీలో ఆరబెట్టుకోగల ఓపిక ఉన్నవాళ్ళకే అది. బయటి దృశ్యం కనిపించే పారదర్శక పి.వి.సి. కిటికీలు చూడ్డానికి బాగుంటాయి గాని మడతలు పడి, గీతలు పడి మసకబారతాయి, సగం ఎత్తు తెరకు వాటి అవసరమే లేదు.

కుట్టుపనికి రాణిగంజ్‌లోని టార్పాలిన్ దుకాణాలు, ఆటోనగర్‌లో లారీలకు తాటిపత్రులు కుట్టేవాళ్ళు మీకు సరిపోతారు. వాళ్ళకు పని బాగా వచ్చు, కాకపోతే లారీ మీద బిగించే గుడ్డకూ, గాలికి ఎదురు నిలిచే గుడ్డకూ తేడా మీరే చెప్పాలి. దారం నూలుది కాక పాలిస్టర్‌ది వాడమనండి. అంచులన్నిటికీ చుట్టూ నవారు పట్టీ వేసి కుట్టమనండి, గుడ్డ మోయవలసిన భారమంతా ఆ నవారు మోస్తుంది. నాలుగు మూలలా అరచేయంత గుడ్డ రెండు పొరలుగా వేయించండి. ఇత్తడి రింగులు వేస్తామంటారు, వద్దనకండి, కానీ మూలల్లో మాత్రం రింగు బదులు నవారునే మడిచి కుట్టిన ఉచ్చు కావాలని పట్టుబట్టండి, ఎందుకంటే రింగు గుడ్డను కొరుక్కుని ఊడుతుంది, ఉచ్చు ఊడదు. మరొక చిన్న విషయం వింతగా అనిపించినా పట్టించుకోవలసినదే. పై అంచును తిన్నగా కాక, మధ్యలో 3 సెం.మీ. కిందికి దిగేలా కొద్దిపాటి వంపుతో కత్తిరించమనండి. తిన్నటి అంచు ఎంత లాగినా మధ్యలో వదులుగా ఉండి కొట్టుకుంటుంది, వంపు అంచు మూలలు లాగితే తనంతట తానే బిగుస్తుంది. తెర రెండు చివర్లా కర్ర దూరేలా గొట్టంలా కుట్టించి, 25 మి.మీ. అల్యూమినియం గొట్టాలు గాని గట్టి వెదురు కర్రలు గాని దోపండి.

కొలతలు తీసుకునేటప్పుడు ఆనింగ్‌ను పూర్తిగా తెరిచి, దాని కాళ్ళను ఎప్పుడూ పెట్టే ఎత్తులోనే నిలిపి, సమంగా ఉన్న నేల మీద కొలవండి. వాననీరు పైన నిలవకుండా ఒక కాలిని 10, 15 సెం.మీ. కిందికి దించే అలవాటు ఉంటే, దించిన తరువాతి ఎత్తే మీ పైముక్కకు కొలత.

ముందు వైపు తెర మాత్రం వేరే జాతి. అది ఆనింగ్ ముందు పట్టీలో ఉండే గాడిలోకి, అంచున తాడు పెట్టి కుట్టిన పైపింగ్ దూర్చి జరిపే రకం. దాని భారం తప్పనిసరిగా ఆనింగ్ మీదనే పడుతుంది. అందుకే దాన్ని జాలీతోనే చేయించాలి, ఎండకూ చాటుకూ మాత్రమే వాడాలి, గాలి లేవగానే అన్నిటికన్నా ముందు విప్పాలి. గాడి కొలత కంపెనీని బట్టి మారుతుంది గనుక, మొత్తం గుడ్డ కుట్టించకముందే 5 మి.మీ., 6 మి.మీ. తాళ్ళతో జానెడు పైపింగ్ ముక్కలు రెండు కుట్టించి తెచ్చుకుని, గాడిలో దూర్చి చూడండి. వేలితో తోస్తే జరుగుతూ, కిందికి లాగితే ఊడి రాకుండా ఉన్నదే మీ కొలత. బిగుసుకుంటుంటే గాడిలో కొవ్వొత్తి రుద్దండి, నూనె పూయవద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. ఆనింగ్ కాళ్ళను బండి గోడకు ఆనించి నిలిపే వీలున్నా, ఏ తెర కట్టినా కాళ్ళు నేలమీదే ఉండాలి, ఒక్కొక్క కాలికీ మేకు ఉండాలి, ఆనింగ్ ముందు పట్టీ మీదుగా రెండు చివర్లా నవారు వేసి నేలకు కట్టి ఉండాలి. బండి చాటున కూడా కిందనుంచి సుడిగాలి ఆనింగ్‌ను పైకి ఎత్తుతుంది. విరిగిన ఆనింగులు ఎక్కువగా పైకెగిరి బండి కప్పు మీద పడి విరిగినవే.

విదేశీ రెడీమేడ్ తెరల గురించి అడిగారు. ఫియామా, థూలే వంటి కంపెనీలు తమ ఆనింగ్‌లకే, ఆ మోడల్‌కే, ఆ పొడవుకే సరిపోయేలా తెరలు చేస్తాయి. మీ క్యాసెట్ చివరి మూతల మీద కంపెనీ పేరు, మోడల్ ఉంటాయి. పేరు కలిస్తే ముందు జాలీ ఒక్కటి తెప్పించుకోవడంలో అర్థం ఉంది, గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. పక్కతెరలు మాత్రం వాళ్ళవి ఆనింగ్ చేతికి అనుసంధానమయ్యే రకాలే ఎక్కువ, పైగా బండి ఎత్తును బట్టి కొలత మారుతుంది గనుక, తెప్పించాక ఇక్కడ మళ్ళీ కత్తిరించి కుట్టించే పని పడవచ్చు. దానికన్నా మొదటే ఇక్కడ కుట్టించడం మేలు.

కట్టేటప్పుడు ముందు బండి వైపు చివరను చూడండి. ఆ కర్ర పై చివరను బండి మీదున్న గట్టి ఆధారానికి, కింది చివరను చక్రానికి నవారుతో కట్టేస్తే ఆ పక్కన మేకే అక్కరలేదు, టన్నుల బరువున్న బండి మీకు మేకు. రెండో చివరను, ఆనింగ్ కాలికి జానెడు దూరంలో, దానికి తగలకుండా నిలిపి, గాలి వచ్చే వైపు ఒకటి, దానికి ఎదురు వైపు ఒకటి, ముందుకు ఒకటి చొప్పున మూడు తాళ్ళు లాగండి. తాడు కర్ర ఎత్తు ఎంతో అంత దూరంలో నేలను తాకాలి. మేకు తల తెరకు దూరంగా వాలేలా, తాడుకు అడ్డంగా నిలిచేలా దిగగొట్టాలి. తాడుకూ మేకుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు ఉంగరం ఒకటి వేస్తే, ఉన్నట్టుండి వచ్చే గాలి విసురును ఆ రబ్బరు సాగి మింగుతుంది, కుట్టు మీదికి పోనివ్వదు. లగేజీ కట్టే కొక్కేల రబ్బరు తాళ్ళు మాత్రం వద్దు. పట్టు తప్పితే ఆ ఇనుప కొక్కెం మనిషి మొహం ఎత్తులో ఎగురుతుంది.

మేకుల విషయంలో మీరు చెప్పిన మూడు చోట్లకూ మూడు పద్ధతులు కావాలి. కోట్‌పల్లి ఒడ్డున వానకాలంలో నేల మెత్తగా ఉంటుంది, టెంట్లతో వచ్చే పుల్లల్లాంటి మేకులు అక్కడ పట్టవు. టెంట్ హౌస్ వాళ్ళు వాడే అడుగు పొడవు ఇనుప మేకులు, లేదా 12 మి.మీ. కడ్డీని 40 సెం.మీ. ముక్కలుగా కోయించి తల వంచినవి కావాలి. గండికోటలో పెన్నా లోయ అంచున మీకు దొరికేది చాలాచోట్ల బండరాయి, మేకు దిగదు. అక్కడ 20 లీటర్ల నీళ్ళ క్యాన్లే గతి, కానీ నిండు క్యాను 20 కిలోలుంటుందని 20 కిలోల లాగుడును ఆపుతుందని అనుకోవద్దు, నున్నటి ప్లాస్టిక్ అంతకన్నా చాలా తక్కువకే జారుతుంది. క్యానును గోనెసంచిలో పెట్టి, తాడును దాని మెడకు కాక అడుగున చుట్టి, ఒక్కొక్క తాడుకు రెండేసి పెట్టండి. లోయ అంచు దగ్గర గాలి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది, కాబట్టి దృశ్యం మీద ఆశ కొంత చంపుకుని బండిని అంచుకు దూరంగానే ఆపాలి. సూర్యలంక ఇసుకలో మేకు వెన్నలో కత్తిలా దిగి అలాగే వచ్చేస్తుంది. అక్కడ చేతిసంచిని ఇసుకతో నింపి, తాడు కట్టి, మోకాలి లోతు గుంటలో పూడ్చి తొక్కితే అదే గట్టి మేకు. బండిని మాత్రం మెత్తటి ఇసుకలోకి దించవద్దు, గట్టి నేల మీదే ఆపండి.

అన్ని పక్కలా మూసి గదిగా వాడుకోవడం గురించి నా జవాబు వద్దనే. ఆనింగ్ కంపెనీలన్నీ దాన్ని ఎండకూ చిరుజల్లుకూ నీడగానే అమ్ముతాయి, మనుషులు నిద్రపోతుండగా తెరిచి ఉంచవలసిన వస్తువు కాదది. అందులో పొయ్యి కూడా ఉంటే అపాయం మరింత. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే నేలమీదే పేరుకుంటుంది. మీరు కింద కట్టిన అడ్డుపట్టీ, నేలకు ఆనిన తెర అంచు దాన్ని బయటికి పోనివ్వవు. చలికాలమని బొగ్గుల కుంపటి పెట్టుకుంటే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి గాలి వచ్చే వైపు పక్కతెర, బండి కింద పట్టీ ఉన్నప్పుడు, దానికి ఎదురు పక్క ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. ఇద్దరికి పడక కావాలంటే తన సొంత కర్రల మీద నిలిచే చిన్న టెంటు ఒకటి బండి పక్కన వేసుకోండి.

గాలి కొలిచే మీటరు లేకపోయినా చెట్లను చూసి వేగం అంచనా వేయవచ్చు. నేలమీద దుమ్ము, కాగితాలు లేస్తుంటే గంటకు 20 నుంచి 28 కి.మీ. మధ్య ఉన్నట్టు, అప్పటిదాకా ఆనింగ్, తెర రెండూ ఉండవచ్చు. చిన్న చెట్లు మొత్తంగా ఊగడం మొదలైతే 29 నుంచి 38 దాకా అని అర్థం. ముందు జాలీ, పైముక్క అప్పటికే విప్పేసి ఉండాలి, ఆనింగ్ చుట్టడం కూడా మొదలుపెట్టాలి. పెద్ద కొమ్మలు కదులుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 దాటినట్టే, ఆ సరికి ఆనింగ్ లోపల ఉండి తీరాలి. తన కాళ్ళ మీద నిలిచిన సగం తెర అప్పుడు కూడా కాసేపు ఉండగలదు, అయినా దాన్ని పరీక్షించవలసిన పని లేదు.

తడిసిన గుడ్డను మడవక తప్పకపోతే మడిచి, ఇంటికి చేరిన రోజే విప్పి ఆరబెట్టండి, సముద్రం దగ్గర వాడితే మంచినీళ్ళతో కడగండి. పూత ఉన్న పాలిస్టర్‌కు బట్టల సబ్బుపొడి వాడకండి.

అన్నీ ఒక్కసారి చేయించకండి. గండికోట ప్రయాణానికి ముందు బండి కింది పట్టీ, సగం ఎత్తు పక్కతెర ఒకటి, ఆనింగ్‌ను నేలకు కట్టే నవార్లు, మంచి మేకులు సమకూర్చుకోండి. వీటితోనే అత్తగారు బయట కుర్చీ వేసుకుని కూర్చోగలిగితే ముందు జాలీ మీద డబ్బు పెట్టనక్కరలేదు. చాలకపోతే సూర్యలంకకు వెళ్ళేలోగా అది కుట్టించుకోవచ్చు, అప్పటికి మీ ఆనింగ్ గాడి కొలత కూడా మీకు తెలిసి ఉంటుంది.